చెరువు నిలిపిన ఊరు కంభం

నల్లమల కనుమలో అయిదు శతాబ్దాల నాటి కట్ట, దాని కింద వేల ఎకరాల మాగాణి, ఆ రెండింటినీ నమ్ముకొని బతికే ఒక చిన్న పట్టణం. ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు పొందిన కంభం చెరువు గతం, వర్తమానం.

నల్లమల తూర్పు వరుసలు మైదానంలోకి దిగే చోట, రెండు కొండలు బాగా దగ్గరకు వచ్చి నడుమ ఇరుకైన కనుమ మాత్రమే మిగిలిన తావున, గుండ్లకమ్మ నదికి అడ్డంగా మట్టితోను రాతితోను పోసిన కట్ట ఒకటి నిలిచి ఉంది. వానలు బాగా కురిసిన సంవత్సరాల్లో ఆ కట్టకు ఎగువన ఏడు కిలోమీటర్ల పొడవున నీరు కొండల పాదాలను తాకుతూ పరుచుకొంటుంది, గాలి లేచినప్పుడు అలలు రాతి పరుపును కొట్టే చప్పుడు కట్ట మీద నడిచేవారి మాటలకు అడ్డు వస్తుంది, దిగువన తూముల నుంచి బయలుదేరిన కాలువలు వరిమళ్ళ మధ్యగా, అరటి తోటల పక్కగా సాగిపోతాయి. వానలు మొహం చాటేసిన సంవత్సరాల్లో అదే చోట నెర్రెలు విచ్చిన ఒండ్రు నేల, పశువుల కాలిబాటలు, సర్కారు తుమ్మ పొదలు, లోతట్టున మిగిలిన మడుగు చుట్టూ మూగిన కొంగలు కనిపిస్తాయి. కంభం పట్టణం జీవితమంతా ఈ రెండు దృశ్యాల నడుమ సాగుతూ వచ్చింది.

పశ్చిమ ప్రకాశం నీటి గురించి చర్చ మొదలైన ప్రతిసారీ, అది వెలిగొండ సొరంగాల గురించి కావచ్చు, బోరు నీటిలోని ఫ్లోరైడ్ గురించి కావచ్చు, కూలిపనుల కోసం హైదరాబాదుకో బెంగళూరుకో తరలిపోయే కుటుంబాల గురించి కావచ్చు, కంభం చెరువు పేరు ప్రస్తావనకు రాక తప్పదు. అంతర్జాతీయ సాగునీటి, మురుగునీటి పారుదల కమిషన్ 2020లో ఈ చెరువును తన ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేర్చింది. నూరేళ్ళకు పైబడిన వయసు ఉండి, సాగునీటి చరిత్రలో విశిష్టత గల కట్టడాలకు ఇచ్చే ఈ గుర్తింపు ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు–కడప కాలువకు, కడప జిల్లాలోని పోరుమామిళ్ళ చెరువుకు కూడా దక్కింది. గుర్తింపు కట్టడానికి వచ్చినా, ఆ కట్టడం ఇన్నాళ్ళు పనిచేయడానికి కారణం దాని ఎగువనున్న అడవిలోను, దిగువనున్న రైతుల నడుమ కుదిరిన ఏర్పాట్లలోను ఉంది. ఆ రెండింటికీ ఇటీవలి దశాబ్దాల్లో ఏమి జరిగిందన్నదే కంభం విషయంలో అడగవలసిన ప్రధానమైన ప్రశ్న.

కనుమలో కట్ట

గుండ్లకమ్మ నల్లమల అడవుల్లో, గుండ్ల బ్రహ్మేశ్వరం ప్రాంతంలో పుట్టి, కొండల నుంచి బయటపడి, కంభం దగ్గర చెరువుగా నిలిచి, ఆ తరవాత మార్కాపురం ప్రాంతం మీదుగా, అద్దంకి పక్కగా ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. కంభం వద్ద దానికి జంపలేరు అనే మరో ఏరు తోడవుతుంది. ఈ రెండు ఏర్ల నీరు మైదానంలోకి పోవడానికి ప్రకృతి వదిలిన దారి ఒక్క కనుమే కావడం వల్ల, ఆ కనుమను మూస్తే చాలు, మిగిలిన మూడు వైపులా కొండలే కట్టలుగా పనిచేస్తాయి. అందుకే ఇంత విస్తారమైన జలాశయానికి కూడా మనుషులు కట్టవలసి వచ్చిన కట్ట నిడివి చాలా తక్కువ. చదును నేల మీద తవ్విన చెరువులకు మైళ్ళ పొడవున కట్ట పోయవలసి ఉంటుంది, పొడవు పెరిగిన కొద్దీ తెగే చోట్లు పెరుగుతాయి, కాపలా భారమూ పెరుగుతుంది. కంభంలో స్థల నిర్ణయమే సగం ఇంజినీరింగ్ అని చెప్పవచ్చు.

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ ప్రభుత్వ లెక్కల ప్రకారం కట్ట ఎత్తు 57 అడుగులు, చెరువులోకి నీరందించే పరీవాహక ప్రాంతం, అంటే ఏ నేల మీద పడిన వాన చివరకు ఈ చెరువుకే చేరుతుందో ఆ నేల మొత్తం, 430 చదరపు మైళ్ళు. అప్పట్లో దీని కింద సాగైన భూమి సుమారు 10,300 ఎకరాలు. ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చెరువు స్వభావం తెలుస్తుంది. 430 చదరపు మైళ్ళ నేల మీద నుంచి ఒక్క అంగుళం మందాన నీరు పారి వచ్చినా అది దాదాపు ఒక టీఎంసీ, అనగా వంద కోట్ల ఘనపుటడుగులు అవుతుంది. సాగునీటి శాఖ వాడుక లెక్కలో ఒక టీఎంసీ సుమారు పదివేల ఎకరాల ఆరుతడి పంటకు, అంటే పొలంలో నీరు నిలవగట్టకుండా విడతలుగా తడిపే పంటకు సరిపోతుంది. వరికయితే ఆ విస్తీర్ణంలో ఇంచుమించు సగానికే సరిపోతుంది. అడవి నేల వానను ఎంత పీల్చుకొని ఎంత వదులుతుంది, ఆ వదిలిన నీరు ఎన్ని అడ్డంకులు దాటి కనుమ దాకా వస్తుంది అన్న రెండు విషయాల మీద వేల కుటుంబాల పంట ఆధారపడి ఉందన్నమాట.

చెరువు పనితీరులో రెండు అంగాలు ముఖ్యమైనవి. కట్ట అడుగున నీటిని అదుపులో ఉంచి పొలాలకు వదిలే ద్వారం తూము. చెరువు నిండిన తరవాత మిగులు నీరు కట్ట మీద నుంచి పొర్లి దాన్ని కోసివేయకుండా, గట్టి రాతి నేల మీదుగా పక్కకు పోయేలా ఏర్పరచిన మార్గం అలుగు. మట్టి కట్టకు ప్రధాన శత్రువు పైనుంచి పొర్లే నీరు, రెండవ శత్రువు లోపల ఊట. కంభం కట్ట ఇన్ని తుపాన్లను తట్టుకొని నిలవడానికి దాని మందం, లోపలి వైపు పరిచిన రాతి పరుపు, రెండు కొసల కొండ ఆసరా ప్రధాన కారణాలు. బంగాళాఖాతంలో అక్టోబరు, నవంబరు నెలల్లో పుట్టే వాయుగుండాలు నల్లమల తూర్పు వాలు మీద ఒక్కసారిగా కుమ్మరించే వానలే ఈ చెరువును చాలా సంవత్సరాల్లో నింపుతాయి కనుక, నీటిని నిలపడం ఎంత అవసరమో, మిగులు నీటికి దారి ఇవ్వడమూ అంతే అవసరమని దీన్ని కట్టినవారికి తెలిసి ఉండాలి.

కంభం చెరువును ఆసియాలోకెల్లా అతి ప్రాచీనమైన మానవ నిర్మిత సరస్సుల్లో ఒకటిగా పేర్కొనడం పరిపాటి అయింది. శ్రీలంకలోని జలాశయాలు, తమిళనాట చోళుల నాటి వీరాణం, తెలంగాణలో కాకతీయుల నాటి రామప్ప, పాకాల చెరువులు దీనికన్నా పాతవి కనుక ఆ మాటను పట్టుకొని వేలాడవలసిన పని లేదు. నదీ ప్రవాహాన్ని కొండ కనుమలో నేరుగా ఆపి, ఒకే చిన్న కట్టతో ఇంత నీటిని నిలిపి, ఆ కట్టను నేటికీ సాగుకు పనికివచ్చే స్థితిలో ఉంచుకోవడం కంభం అసలైన ఘనత. అందుకు పోటీల్లో స్థానం అక్కరలేదు.

[పెట్టె] మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు

కంభానికి దక్షిణాన, కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అక్కడ చెరువు కట్టించిన సందర్భంలో వేయించిన ఆ శాసనం చెరువు నిర్మాణానికి ఒక పాఠ్యగ్రంథం వంటిది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి బంకనేల అడుగు, తియ్యటి నీటిని తెచ్చే నది, కట్టకు రెండు వైపులా తగిన కొండ భాగాలు, వాటి నడుమ మరీ పొడవు కాని దిట్టమైన రాతి కట్ట, వెడల్పూ లోతూ గల గర్భం, దగ్గరలోనే పొడవైన రాళ్ళు దొరికే గని, దిగువన చదునైన సారవంతమైన పొలాలు, నిర్మాణంలో ఆరితేరిన పనివారు ఉండాలని చెబుతూ మొత్తం పన్నెండు అంగాలను అది వివరిస్తుంది. కట్టలో ఊట, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, గర్భం మధ్యలో మెరక, పొలం ఎక్కువై నీరు చాలకపోవడం, నీరు ఎక్కువై పొలం చాలకపోవడం అనే ఆరు దోషాలను కూడా పేర్కొంటుంది. ఆ పనికి రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేయగా రెండేళ్ళు పట్టిందని శాసనం తెలుపుతుంది. కంభం కనుమను ఎంచుకొన్నవారు ఈ శాసనాన్ని చదివారో లేదో గాని, ఆ పన్నెండు అంగాల్లో చాలావాటికి కంభం చక్కని ఉదాహరణ.

గజపతుల ఆడపడుచు

చెరువు నిర్మాణాన్ని సంప్రదాయం ఒక స్త్రీకి ఆపాదిస్తుంది. ఆమె కళింగాన్ని ఏలిన గజపతి ప్రతాపరుద్రుని కుమార్తె, శ్రీకృష్ణదేవరాయల భార్య. వరదరాజమ్మ అని, రుచిదేవి అని స్థానికంగా పేర్లు వాడుకలో ఉండగా, సాహిత్య సంప్రదాయం ఆమెను తుక్కాదేవిగాను, అన్నపూర్ణగాను, జగన్మోహినిగాను గుర్తుంచుకొంది. రాయలు 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని జయించి కళింగం మీదికి సాగిన దండయాత్ర చివరకు సంధిలో ముగిసింది, ఆ సంధిలో భాగంగానే గజపతి తన కుమార్తెను రాయలకిచ్చి పెళ్ళి చేశాడు. ఓడిన రాజు బిడ్డగా గెలిచిన రాజు అంతఃపురంలో అడుగుపెట్టిన ఆ యువతి రాయల ఆదరణకు నోచుకోక, కంభం ప్రాంతంలో ఏకాంతంగా జీవితం గడిపిందని, ఆ వేదనతోనే తుక్కా పంచకం అని పేరు పొందిన అయిదు సంస్కృత శ్లోకాలు చెప్పిందని, తనకున్న ధనాన్ని ఈ చెరువు మీద వెచ్చించిందని జనశ్రుతి.

ఈ కథనంలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది పండితులు ఎడతెగకుండా చర్చించిన విషయం. రాయలు రాజ్యం చేసిన కాలం 1509 నుంచి 1529 వరకు కాబట్టి, గజపతి కుమార్తె కట్టించిందన్న మాట నిజమైతే చెరువు పదహారో శతాబ్దిది కావాలి. కొన్ని రచనల్లో పదిహేనో శతాబ్దం అని కనిపించేది దీనికి పొసగదు. గజపతులు కొంతకాలం ఉదయగిరి ప్రాంతాన్ని ఏలినవారే కనుక, పెళ్ళికి ముందే ఆ వంశం వారి చేతిమీదుగా ఇక్కడ ఏదో ఒక కట్ట మొదలై ఉండే అవకాశాన్నీ తోసిపుచ్చలేము. అయినప్పటికీ ఈ జనశ్రుతిని తేలికగా తీసివేయడం తగదు. సంతానం, తటాకం, కావ్యం, నిధి, దేవాలయం, వనం, అగ్రహారం వంటివాటిని సప్త సంతానాలుగా భావించి, చెరువు తవ్వించడం బిడ్డను కనడంతో సమానమని నమ్మిన సమాజంలో, భర్త ఆదరణ లేని రాణి ఒక చెరువును తన సంతానంగా నిలుపుకొన్నదన్న ఊహ ఇక్కడి ప్రజల మనసులో ఎందుకు అంతగా నాటుకుపోయిందో అర్థం చేసుకోవచ్చు. రాజుల విజయాలకు శాసనాలు ఉన్నాయి. ఆ విజయం వెల చెల్లించిన స్త్రీని మాత్రం చెరువు నీరు తాగిన జనమే గుర్తుపెట్టుకొన్నారు.

చేతులు మారిన పట్టణం

విజయనగరం తరవాత కంభం సీమ కడప నవాబుల కిందికి, వారి నుంచి మైసూరు హైదర్ అలీ చేతికి, 1792 సంధితో నిజాముకు, 1800లో నిజాం వదులుకొన్న దత్త మండలాల్లో భాగంగా ఈస్టిండియా కంపెనీకి వెళ్ళింది. మొదట కడప జిల్లాలో ఉన్న కంభం 1858లో ఏర్పడిన కర్నూలు జిల్లాలో చేరి, ఆ జిల్లాకు తూర్పు తాలూకా అయింది. 1970లో ఒంగోలు కేంద్రంగా, తరవాత ప్రకాశం అని పేరు పెట్టుకొన్న జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి విడివడి అందులో కలిసింది. ఊరిలో ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబాలు గణనీయంగా ఉండడం, మాటలో రాయలసీమ యాసకు కోస్తా పలుకుబడి తోడు కావడం ఈ చేతులు మారిన చరిత్ర మిగిల్చిన గుర్తులే.

గుంటూరు నుంచి నంద్యాల మీదుగా గుంతకల్లుకు వెళ్ళే రైలు మార్గం పంతొమ్మిదో శతాబ్దం చివరలో మీటర్ గేజ్‌గా పడి, 1990ల్లో బ్రాడ్ గేజ్‌గా మారింది. కంభానికి బయటి ప్రపంచంతో సంబంధం ప్రధానంగా ఈ పట్టాల మీదుగానే సాగింది, ఇప్పుడు అనంతపురం–గుంటూరు జాతీయ రహదారి దానికి తోడయింది. పాలనా హోదా మాత్రం తగ్గుతూ వచ్చింది. బ్రిటిష్ కాలంలో తాలూకా కేంద్రంగా వెలిగిన ఊరు 1985 తరవాత ఒక మండల కేంద్రంగా మిగిలింది, నియోజకవర్గాల పునర్విభజనతో 2009 ఎన్నికల నాటికి కంభం అసెంబ్లీ స్థానం రద్దై గిద్దలూరులో కలిసిపోయింది. ఏ చిన్న పట్టణానికైనా ఒక కార్యాలయం పోవడమంటే ఆ కార్యాలయం చుట్టూ ఉండే టైపిస్టులు, దస్తావేజు లేఖరులు, భోజన హోటళ్ళు, పల్లెల నుంచి పని మీద వచ్చి సరుకులు కొనుక్కుపోయే జనం పలచబడడమే. హోదాలు పోయిన కొద్దీ కంభానికి చెరువు మీద ఆధారం మరింత పెరిగింది.

ఆయకట్టు బతుకు

ఆయకట్టు అంటే ఒక చెరువు నీటి మీద హక్కు గల భూమి. కంభం చెరువు కింద నేరుగా పారే ఆయకట్టు 6,944 ఎకరాలు, అది కంభం, బేస్తవారిపేట మండలాల పల్లెల్లో పరుచుకొని ఉంది. చుట్టూ మెట్ట సీమ, అంటే వానను నమ్ముకొని కంది, జొన్న, పత్తి, పొగాకు వంటివి వేసుకొనే సీమ కావడం వల్ల, ఈ మాగాణి చెక్కకు సాటిలేని విలువ. వరి, పసుపు, అరటి ఇక్కడ తరతరాలుగా పండిన పంటలు. చెరువు కింద ఎకరం ఉన్న ఇంటికి పిల్లనివ్వడానికి ముందుకు రావడం, చెరువు నిండిన ఏడాది పెళ్ళిళ్ళు ఎక్కువ కావడం, బట్టల కొట్టు నుంచి బంగారు కొట్టు దాకా అప్పు పుట్టడం ఆయకట్టు సీమలన్నిటా కనిపించే లక్షణాలు, ఇక్కడా అంతే.

నిండిన చెరువు అందరికీ ఒకే మేలు చేయదు. తూము దగ్గరి పొలానికి మొదటి తడి, నిండు తడి దక్కుతుంది. కాలువ చివరి భూములకు నీరు చేరేసరికి పై రైతులు రెండో తడికి సిద్ధమవుతారు. అందుకే పూర్వం నీటి పంపకాన్ని రైతుల ఇష్టానికి వదలకుండా, తూము తీసి మూయడానికి, మడి మడికీ వంతు చూసి నీరు పెట్టడానికి గ్రామం తరఫున ప్రత్యేకంగా మనిషిని నియమించేవారు. తెలంగాణలో నీరటి అని, రాయలసీమలో నీరుగంటి అని పిలిచే ఈ మనిషికి పంటలో కొంత భాగం మేరగా, అంటే చేసిన పనికి ఇచ్చే ధాన్యంగా ముట్టేది. అతడి చేతిలోని పార మీద ఎంత భూమి ఉన్న ఆసామి కూడా చెయ్యి వేయకూడదన్నది కట్టుబాటు. కౌలు రైతుల సంఖ్య పెరిగి, సొంతదారులు పట్టణాలకు వెళ్ళిపోయిన ఈ రోజుల్లో అటువంటి కట్టుబాటును నిలపగల పెద్దరికం గ్రామాల్లో బలహీనపడింది. 1997లో వచ్చిన సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచి ఆ ఖాళీని పూరించాలని తలపెట్టింది గాని, ఎన్నికలు సకాలంలో జరగనప్పుడు, నిధులు అందనప్పుడు సంఘం ఉన్నా లేనట్టే అయింది.

చెరువులో నీరు ఎంతకాలం ఉండాలన్న విషయంలో కూడా ప్రయోజనాలు వేరు. రైతుకు పంట చివరి తడి దాకా తూము తెరిచి ఉండడం కావాలి. వానల తరవాత వదిలిన కట్ల, రోహు, మృగాల చేపపిల్లలు ఎదిగి వలకు తగిన బరువు తూగేదాకా నీరు నిలవడం మత్స్యకారుడికి కావాలి. వేసవిలో గొర్రెలు, గేదెలు తోలుకొచ్చే కాపరులకు లోతట్టు మడుగు మిగలడం కావాలి, ఊరి ఇల్లాళ్ళకు తాగునీటి పథకం ఎండకపోవడం, చేతిపంపులో నీరు అందడం కావాలి. ఒకే నీటి మీద ఇన్ని అవసరాలు పెనవేసుకొన్నప్పుడు తూము ఎప్పుడు మూయాలన్నది ఇంజినీరు ఒక్కడే తేల్చగల విషయం కాదు. ఈ నిర్ణయాల్లో నాట్లు, కలుపు పనులతోనే ఏడాది గడుపుకొనే కూలి స్త్రీల మాట ఎప్పుడూ వినిపించలేదు. నిజానికి తూము తెరవని ఏడాది అందరికంటే ముందు ఊరు విడిచేది వారి కుటుంబాలే. రైతు ఒక పంట కోల్పోయినా భూమి మిగులుతుంది, భూమి లేని ఇంటికి బస్సు టికెట్టే మిగులుతుంది.

చెరువు అడుగు నుంచి నేలలోకి ఇంకే నీరు కూడా ఆయకట్టు లెక్కలో చేరని మరో పెద్ద ఆస్తి. చెరువు నిండితే చుట్టుపక్కల బావుల్లో, బోర్లలో మట్టం లేస్తుంది, ఎండితే రెండో వేసవికల్లా బోర్లు ఒట్టిపోతాయి. నేల పొరల్లో లోతుకు వెళ్ళేకొద్దీ ఫ్లోరైడ్ వంటి లవణాల బెడద పెరిగే ఈ ప్రాంతంలో, పైపొరలను తడిపి ఉంచే చెరువుకు ఆరోగ్యపరమైన విలువ కూడా ఉంది. ఎముకలు, పళ్ళు దెబ్బతిన్న మనుషులను పశ్చిమ ప్రకాశం పల్లెల్లో చూసినవారికి ఆ విలువ విడమరిచి చెప్పనక్కరలేదు.

[పెట్టె] దశబంధం

దత్త మండలాల్లో చెరువుల మరమ్మతుకు దశబంధం అనే ఏర్పాటు వాడుకలో ఉండేది. చెరువు కట్టించిన లేదా బాగుచేయించిన వ్యక్తికి, దాన్ని ఎల్లకాలం మంచి స్థితిలో ఉంచాలన్న షరతు మీద, కొంత భూమిని ఇనాముగానో, ఆయకట్టు ఆదాయంలో ఒక వంతుగానో ఇచ్చేవారు. చెరువు చెడితే ఇనాము పోతుంది కనుక మరమ్మతు ఏటా జరిగేది. దీనికి తోడుగా రైతులు తమ కాలువలను తామే పూడిక తీసుకొనే కుడిమరామత్తు ఆచారం ఉండేది. కంపెనీ పాలనలో ఇనాములకు కోతలు పడి, శిస్తు వసూలుకు ఇచ్చిన ప్రాధాన్యం మరమ్మతుకు దక్కక చాలా చెరువులు పాడయ్యాయి. మద్రాసు ప్రభుత్వం 1858లో ఆపద సమయాల్లో కట్టల రక్షణకు నిర్బంధ శ్రమ చట్టం చేయవలసి రావడం, 1883లో చెరువుల పునరుద్ధరణ పథకం చేపట్టవలసి రావడం ఆ పతనానికి నిదర్శనాలు.

నీరు ఎందుకు చేరడం లేదు

పెద్ద చెరువులు నిండని ఏళ్ళు పెరగడానికి వాన తగ్గడమే కారణమన్న మాట సగమే నిజం. వాన కురిసే తీరు మారి, నెలంతా పడవలసింది మూడు రోజుల్లో పడి మిగిలిన రోజులు పొడిగా గడవడం ఒక కారణమైతే, పరీవాహక ప్రాంతంలో నేల వాడకం మారడం మరొక కారణం. ఏటి ఒడ్డున తవ్విన ప్రతి బోరు, ఏరు అడుగున పారే ఊటను పైకి లాగుతుంది. వాగుల మీద కట్టిన చెక్‌డ్యాములు తమ చుట్టూ నేలకు మేలు చేస్తూనే చిన్న వానల నీటిని దిగువకు రానివ్వవు, అందువల్ల పెద్ద వాన పడితే తప్ప కనుమ దాకా ప్రవాహం చేరదు. ఎగువ గ్రామాల రైతు తన వాగులో నీరు ఆపుకోవడం తప్పని ఎవరూ అనలేరు, అక్కడి మెట్ట రైతు కంభం మాగాణి రైతుకన్నా పేదవాడు కూడా. అయితే ఎగువ, దిగువల లెక్క ఒకే పుస్తకంలో రాసే వ్యవస్థ మాత్రం ఉండాలి. నీటి సంఘాలు ఆయకట్టుకే పరిమితమై, పరీవాహక ప్రాంతానికి అందులో చోటు లేకపోవడం 1997 చట్టం పుట్టుకలోనే ఉన్న లోపం.

చెరువు గర్భంలో పేరుకొన్న ఒండ్రు మరో సమస్య. అయిదు వందల ఏళ్ళుగా గుండ్లకమ్మ మోసుకొచ్చిన మట్టి లోతును మింగుతూ వచ్చింది, లోతు తగ్గి వెడల్పు అంతే ఉంటే ఎండకు ఆవిరయ్యే భాగం పెరుగుతుంది. వరుసగా రెండు మూడేళ్ళు నీరు వెనక్కి తగ్గిన చెరువుల్లో అంచు భూములు దున్నకంలోకి రావడం, ఒకసారి సాగు మొదలైన చోట చెరువు నిండడమే నష్టంగా భావించేవారు తయారు కావడం రాష్ట్రమంతటా జరుగుతున్నదే. సర్వే చేసి హద్దు రాళ్ళు పాతడం, ఒండ్రును రైతుల పొలాలకు ఎరువుగా తోలించడం ఖర్చుతో కూడిన గొప్ప సాంకేతిక విద్యలేమీ కావు. ఏటా, ఆగకుండా జరగవలసిన పనులు మాత్రమే.

ఏటా జరగవలసిన పని జరగకపోతే ఏమవుతుందో ఇదే గుండ్లకమ్మ మీద దిగువన, మల్లవరం వద్ద, ఇరవయ్యొకటో శతాబ్దంలో కట్టిన జలాశయం చూపించింది. అక్కడ 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో మరో గేటు కొట్టుకుపోయి నీరంతా సముద్రం పాలయింది. ఉక్కు గేట్ల ఆనకట్టను, గేట్లు లేని మట్టికట్టను ఒకే గాటన కట్టడం న్యాయం కాదు, రెండింటి పని వేరు. అయినా ఒకే నదీ తీరంలో పూర్వుల కట్ట నిలిచి ఉండగా కొత్త గేట్లు పట్టుమని రెండు దశాబ్దాలు నిలవకపోవడం, నిర్వహణ నిధిని దుబారాగా చూసే అలవాటును గట్టిగా ప్రశ్నిస్తుంది.

వెలిగొండ వైపు చూపు

ఇప్పుడు ఈ ప్రాంతపు ఆశలన్నీ వెలిగొండ మీద ఉన్నాయి. దాని కోసం జీవితాంతం పోరాడిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టుకొన్న ఈ పథకం, శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ వరద రోజుల్లో 43.5 టీఎంసీల నీటిని నల్లమల కింద తొలిచిన, ఒక్కొక్కటి దాదాపు 19 కిలోమీటర్ల పొడవైన జంట సొరంగాల గుండా తెచ్చి, కొండల నడుమ గండ్లు మూసి ఏర్పరచిన నల్లమల సాగర్‌లో నింపి, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు అందించాలని ఉద్దేశించింది. 1996లో శంకుస్థాపన జరిగింది, సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. అప్పటికి ముంపు గ్రామాల పునరావాసం పూర్తి కాలేదు. కొండల నడుమ గండి మూసి నీరు నిలపడం అన్న వెలిగొండ ఆలోచన కంభం కట్టినవారి ఆలోచనకు వారసత్వమే. తేడా ఏమంటే వెలిగొండ నీరు మరో నది నుంచి, అదీ ఆ నదికి వరద వచ్చిన ఏడాది మాత్రమే వస్తుంది.

కృష్ణ నీరు వచ్చినా కంభం చెరువు అవసరం తీరిపోదు. ఎగువన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యంగా, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అడవికి ఆనుకొని ఉన్న నల్లమల, ఆ అడవిని నమ్ముకొన్న చెంచు గూడేలు, గుండ్లకమ్మ పుట్టే వాగులు ఈ చెరువుకు అసలైన తలకట్టు. వారసత్వ గుర్తింపుతో పాటు పర్యాటకం మాట కూడా వినిపిస్తున్నది, కట్ట మీద దీపాలు, పడవ షికారు, విశ్రాంతి గృహం ఊరికి నాలుగు ఉద్యోగాలు తెస్తే మంచిదే. కాని ఖర్చు చేసే మొదటి రూపాయి తూముల మరమ్మతుకు, అలుగు దారి శుభ్రతకు, కాలువ చివరి భూములకు నీరు చేర్చడానికి, చెరువు హద్దుల సర్వేకు వెళ్ళాలి. 430 చదరపు మైళ్ళ పరీవాహక ప్రాంతంలోని వాగులు, బోర్లు, చెక్‌డ్యాముల లెక్క తీసి, ఎగువ పల్లెల రైతులను కూడా కంభం, బేస్తవారిపేట రైతులతో కలిపి ఒకే సంఘంలో కూర్చోబెట్టగలిగితే, నీరు చాలని ఏడాది ఎవరు ఏ పంట వేయాలి, తూము ఏ నెలలో మూయాలి, తాగునీటికి ఎంత మిగల్చాలి అన్న ప్రశ్నలకు ముందే సమాధానం దొరుకుతుంది.